అంటుగట్టిన పళ్ళు

నాగపూర్ నుంచి వచ్చిన షావుకారు చూస్తుండగానే సత్తియ్య పళ్ళు ఊడి మామిడి మొక్క సంచిలో పడ్డాయి.

అంతకు ముందు క్షణం దాకా అంతా సవ్యంగానే ఉంది. కడియం చుట్టుపక్కల నర్సరీల్లో అంటు కట్టే వాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, మామిడి అంటు అంటే సత్తియ్య చెయ్యే. టెంక మొక్క తల కోసి, నిలువునా చీల్చి, కొత్తపల్లి కొబ్బరి మామిడి పుల్లని ఉలి మొనలా చెక్కి ఆ చీలికలో దింపుతాడు. ఎడమ చెయ్యి ఆ రెండూ కదలకుండా పట్టుకుంటుంది. కుడి చెయ్యి టేపు చుడుతుంది. ఆ టేపు కొసని బిగబట్టేది మాత్రం ముందు పళ్ళు. పళ్ళతో పట్టి, తల వెనక్కి లాగితేనే ప్లాస్టిక్ టేపు సన్నగా సాగి కోత మీద కరుచుకుంటుంది. ఆఖర్న ఆ పళ్ళతోనే పుటుక్కున తెంపాలి. అంటు కట్టేవాడికి మూడో చెయ్యి నోరే.

ఆ మూడో చెయ్యి వేసవిలోనే పోయింది. లారీకి మొక్కలు ఎక్కిస్తుంటే వెనక తలుపు కొక్కెం జారి, ఇనుప తలుపు వచ్చి సరాసరి మూతి మీద పడింది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. సత్తియ్యకి రాయి కూడా రాసిపెట్టి లేదు. పైవరస ముందు పళ్ళు నాలుగూ పోయాయి. బజారులో ఒకచోట తీసి పెట్టుకునే ప్లేటు కట్టించుకున్నాడు. అన్నం తినడానికి బాగుంది, మాటకి ఫరవాలేదు. నువ్వు పళ్ళతో ఏం పని చేస్తావని వాళ్ళు అడగలేదు, ఇతనూ చెప్పలేదు. పళ్ళతో ఎవరైనా ఏం చేస్తారు, నములుతారు అనుకుని ఉంటారు.

ఆ రోజు షావుకారు ముందు హుషారుగా టేపు కొరికి తల వెనక్కి లాగాడు. తల వెనక్కి వెళ్ళింది గానీ పళ్ళు వెళ్ళలేదు. టేపుకి వేలాడి, రెండు ఊపులు ఊగి, మట్టిసంచిలో పడ్డాయి.

షావుకారు ముందు బిత్తరపోయాడు, తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్క పీట మీద కూర్చుని అంట్లు కడుతున్న శాంతికుమార్ అనే కుర్రాడైతే కత్తి కింద పెట్టేసి మరీ నవ్వాడు.

"బాబాయ్, నీళ్ళు పోస్తే మొలుస్తాయేమో చూడు!"

"నీ నోరు పడా," అన్నాడు సత్తియ్య. అనబోయింది అదే. పళ్ళు లేని నోట్లోంచి గాలే వచ్చింది. దాంతో ఇంకో విడత నవ్వారు.

యజమాని బంగార్రాజు గారు నవ్వలేదు. ఆయన నవ్వి ఉంటేనే బాగుండేది. షావుకారుని అవతలి షెడ్డులోకి పంపించి వచ్చి, చాలా మర్యాదగా అన్నాడు.

"సత్తియ్యా, కొన్నాళ్ళు నీళ్ళ పైపు చూసుకోవయ్యా. కూలీకేం లోటు చెయ్యన్లే. కొనేవాళ్ళ ముందు బాగుండదు కదా."

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే రకం బంగార్రాజు గారు. ఇన్నాళ్ళూ 'సత్తియ్య అంటు' అని చెప్పి మొక్కలమ్మింది ఆయనే. సత్తియ్య బడి మానేసి ఈ నర్సరీలో కాలు పెట్టినప్పుడు ఆయన నిక్కరు వేసుకుని తిరిగేవాడు. నీడకి కట్టిన పచ్చ వల పందిరి కింద, మూల కొయ్యపీట సత్తియ్యది. మరొకడు కూర్చునేవాడు కాదు. మర్నాటి నుంచి దాని మీద శాంతికుమార్ కూర్చున్నాడు. సత్తియ్య పైపు పట్టుకుని మొక్కల మధ్య తిరుగుతూ, ఆ పీట ఉన్న వైపు చూడకుండా నీళ్ళు పోశాడు. ఆ వైపు మొక్కలకే నీళ్ళు తక్కువయ్యాయి.

సత్తియ్య పెళ్ళాం వీరవేణి కూడా ఆ నర్సరీలోనే సంచులకి మట్టి నింపుతుంది. మొగుడు ఇంటికొచ్చి మాట్లాడకపోవడం ఆమెకి కొత్తేం కాదు. అన్నం తిననప్పుడు మాత్రం ఊరుకోలేదు.

"రాజమండ్రిలో దానవాయిపేట వేపు పళ్ళ డాక్టరమ్మ ఉందంట. చర్చికెళ్ళే దీనమ్మత్త చెప్పింది. రెబెక్కా గారంట."

"పీకడానికి నా దగ్గరింకేం మిగిలాయే?"

"పీకే డాక్టరు కాదయ్యా. పోయినవి కట్టే డాక్టరు. అదే చదువంట ఆవిడది. దీనమ్మత్త నోట్లో ఒక్క పన్ను లేదు, ఇప్పుడు చెరకు ముక్క నములుతోంది."

"ఇంకో ప్లేటు కడుతుంది. ఇంకో షావుకారు నవ్వుతాడు."

"నీళ్ళు పోసుకుంటూ కూర్చో అయితే," అని వీరవేణి పళ్ళెం తీసేసింది.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి ఆటో ఎక్కారు.

రెబెక్కా గారు సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడుతో ఉంది. సత్తియ్యని కుర్చీలో వెనక్కి వాల్చి, లైటు వేసి, అద్దంతో నోరంతా చూసింది. ప్లేటుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. సత్తియ్య మనసులో సిద్ధంగా ఉన్నాడు. చదువుకున్న వాళ్ళు ముందు ఎవరో కట్టినదాన్ని చూసి పెదవి విరుస్తారు, తరవాత మనకి అర్థం కాని మాట ఒకటి చెబుతారు. అతనికి తెలిసింది అంతే.

"ప్లేటు బాగానే చేశారండి," అంది ఆవిడ. "మరి ఎందుకు నిలవట్లేదు? మీరు ఏం పని చేస్తారు?"

"నర్సరీలో అండి. అంట్లు కడతాను." కడుతున్నాను అనలేకపోయాడు.

"దాంట్లో పళ్ళతో ఏం పని?"

ఇన్నాళ్ళకి ఒకళ్ళు అడిగారు. సత్తియ్య లేచి కూర్చున్నాడు. చేతులతో చూపించబోయాడు. ఆవిడ ఆపింది.

"ఇలా కాదండి. ఈసారి వచ్చేటప్పుడు మొక్క, టేపు, కత్తి అన్నీ తెచ్చుకోండి. నేను కళ్ళతో చూడాలి."

వీరవేణి నవ్వు ఆపుకుంది. ఆసుపత్రికి కత్తి తెమ్మన్న డాక్టర్ని ఆమె అప్పుడే చూడటం.

తరవాతిసారి సత్తియ్య మట్టిసంచితో సహా టెంక మొక్క తీసుకెళ్ళాడు. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, అతని మొహానికి పక్కవాటుగా కూర్చుంది. సత్తియ్య పుల్ల చెక్కి, చీలికలో దింపి, పళ్ళు లేని చోట చిగుళ్ళతో టేపు పట్టి లాగాడు. ఆవిడ వేలు అతని పైపెదవి కింద పెట్టి, లాగుడు ఎటు పోతోందో చూసింది. మళ్ళీ కట్టమంది. మళ్ళీ చూసింది. నాలుగో అంటుకి సత్తియ్యకి అనుమానం వచ్చింది, ఈవిడ పని నేర్చుకుని నర్సరీ పెడుతుందేమోనని.

"పన్ను నమిలేటప్పుడు బరువు కిందనుంచి పైకి పడుతుందండి. దానికి పన్ను తట్టుకుంటుంది," అంది చివరికి. "మీరు బయటికి లాగుతున్నారు. గుంజ పాతి, పక్కనించి తాడేసి లాగినట్టు. అందుకే ప్లేటు వచ్చేసింది. పక్క పళ్ళని అరగదీసి వాటి మీద కట్టు వెయ్యొచ్చు గానీ, ఈ లాగుడికి ఆ మంచి పళ్ళు కూడా కదులుతాయి. దవడ ఎముకలోనే రెండు మరలు దించుదాం. వాటి మీద నాలుగు పళ్ళు నిలబెడదాం."

"ఎముకలోనా?" అంది వీరవేణి.

"అవునమ్మా. మర దించాక ఎముక మెల్లగా దాని చుట్టూ పెరిగి పట్టుకుంటుంది. కొన్ని నెలలు పడుతుంది. ఆలోగా కదపకూడదు. కదిపితే ఎముక పట్టుకోదు, చుట్టూ మెత్తటి కండ పెరుగుతుంది. ఇక అది నిలవదు."

"అంటు పట్టడం," అన్నాడు సత్తియ్య.

"అంతేనండి."

చిన్నపిల్లాడికి చెప్పినట్టు కాకుండా, పనివాడికి పనివాడు చెప్పినట్టు చెప్పింది. సత్తియ్యకి అది నచ్చింది. నచ్చిందని మొహంలో కనపడనివ్వలేదు.

"ఇంకో మాట," అంది ఆవిడ. "నేను ఎంత గట్టిగా కట్టినా మీరు ఆ ముందు పళ్ళతో టేపు లాగకూడదు. మీ పక్క పళ్ళు దిట్టంగా ఉన్నాయి. ఎడంవేపు వాటితో పట్టడం నేర్చుకోండి."

సత్తియ్య నచ్చినదంతా వెనక్కి తీసుకున్నాడు. "మీసాలు రాకముందు నించీ ముందు పళ్ళతోనే కడుతున్నానండి. పక్కపళ్ళతో కడితే తల వంకరవుద్ది, చూపు కోత మీద ఉండదు. మీరు పళ్ళు కట్టండి. అంటెలా కట్టాలో నాకొదిలెయ్యండి."

"గాలివాన వస్తుందని తెలిసీ మీరు అంటుకి పక్కన కర్ర పాతకుండా వదిలేస్తారా?"

సత్తియ్య తల అడ్డంగా ఊపాడు.

"నేనూ వదలనండి. నా చేత్తో కట్టింది ఊడిపోతే నాకు తలకొట్టేసినట్టుంటుంది. మీకిష్టమైతేనే మొదలెడదాం."

ఆ మాటకి సత్తియ్య ఆవిడ మొహం వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. 'నా చేత్తో కట్టింది' అన్న మాట తనది. ఆ మాట మరొకళ్ళ నోట వినడం అతనికి అలవాటు లేదు.

"ఆయ్. అలాగేనండి," అన్నాడు.

వీరవేణి పాడుకున్న చీటీ దానికి పోయింది. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మరలు దించారు. వాటి మీద తాత్కాలికంగా నాలుగు పళ్ళు అతికించి, "ఇవి నలుగురిలో నోరు తెరవడానికే. వీటితో జాంపండు కూడా కొరక్కండి," అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

నెల తిరక్కుండా కార్తీకం వచ్చింది. సపోటా అంట్లకి పెద్ద బేరం తగిలింది. వేరు కోసం పెంచిన పాలమొక్కల మీద శాంతికుమార్ కట్టిన సపోటాలు వరసలు వరసలుగా ఎండిపోయాయి. బంగార్రాజు గారు తనే నడుచుకుంటూ నీళ్ళ పైపు దగ్గరికి వచ్చాడు.

"సత్తియ్యా, పళ్ళొచ్చాయిగా. ఈ ఒక్క బేరం గట్టెక్కించవయ్యా."

పీట తుడిచి ఉంది. సత్తియ్య దాని మీద కూర్చున్నాడు. మొదట టేపు ఎడంవైపు పెట్టి లాగాడు. చుట్ట వంకరగా వచ్చింది. రెండోది విప్పి కట్టాల్సి వచ్చింది. అవతల నించి శాంతికుమార్ గొంతు వినపడింది.

"ఏంటి బాబాయ్, వక్కాకు నమిలినట్టు పక్కకెట్టావ్? పళ్ళు అద్దెకి తెచ్చావా ఏంటి?"

ఇక సత్తియ్య ఆలోచించలేదు. అలవాటున్న నోరు అలవాటు ప్రకారం పోయింది. ముందు పళ్ళతో టేపు పట్టి, తల వెనక్కి లాగాడు. పళ్ళు ఊడలేదు. చుట్ట తీర్చి దిద్దినట్టు కుదిరింది. ఆ మధ్యాహ్నమంతా అలాగే కట్టాడు, శాంతికుమార్ నోరు మూసేదాకా. సాయంత్రానికి పైదవడలో ఒకచోట సన్నగా సలుపు మొదలైంది. నాలిక పెట్టి నొక్కి చూశాడు. వెంట్రుకవాసి కదిలింది.

అతనికి తెలియని సంగతి కాదు. మొక్క కొన్నవాళ్ళు పట్టిందో లేదోనని అంటు దగ్గర పట్టుకుని కదిపి చూస్తారు. అలాంటి వాళ్ళని జన్మంతా తిట్టాడు. "పుట్టిన బిడ్డని గంటకోసారి తలకిందులు చేసి చూస్తావా?" అని అడిగేవాడు. ఇప్పుడు తన నోట్లో అంటుని తనే ఊపేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వారం పోయాక డాక్టరమ్మ పిలిచిన రోజున వెళ్ళి, ఏమీ ఎరగనట్టు నోరు తెరిచాడు.

ఆవిడ పరికరం పిడితో పన్ను మీద కొట్టి చప్పుడు విన్నది. ఇంకోదాని మీద కొట్టింది. రెండు చప్పుళ్ళూ వేరుగా ఉన్నాయి.

"ముందు పళ్ళతో లాగారు."

"ఆయ్."

"తప్పు మీదేనండి."

"ఆయ్."

బుజ్జగించినట్టు మాట్లాడుతుందనుకున్నాడు. తిడుతుందేమో అనుకున్నాడు. రెండూ కాలేదు. ఆవిడ చేతి తొడుగులు తీసి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆవిడ మొహం చిన్నబోయి ఉంది. దాన్ని చూసేసరికి సత్తియ్యకి సలుపు కన్నా ఎక్కువ బాధేసింది. పట్టని అంటుని చూసినప్పుడు తన మొహం కూడా అలాగే ఉంటుంది. వీరవేణి ఎన్నోసార్లు చెప్పింది.

"మీ అంట్లు అన్నీ పడతాయా సత్తియ్య గారూ?"

"అన్నీ ఎవరికి పడతాయండి? కొన్ని పోతాయి."

"పోతే ఆ మొక్క పారేస్తారా?"

"ఎందుకు పారేస్తానండి! వేరు బతికుంటుందిగా. ఎండిన పుల్ల తీసేసి, కాస్త చిగురు రానిచ్చి, కింద మళ్ళీ కడతాను."

"నేనూ అదే చేస్తాను. ఒకటి గట్టిగానే ఉంది. కదిలినదాన్ని తీసేస్తాను. ఎముక కోలుకున్నాక మళ్ళీ దించుతాను. ఈలోగా మీరు నాకోసం పక్కపళ్ళు నేర్చుకుంటారా?"

"మీకోసం కాదండి," అన్నాడు సత్తియ్య. "పని పాడు చేశానుగా. పనికోసం నేర్చుకుంటాను."

ఆ చలికాలమంతా ఇంటి అరుగు మీద మందార కొమ్మలకీ మునగ కొమ్మలకీ టేపులు చుట్టాడు. బంగార్రాజు గారు పీట మీదికి రెండుసార్లు పిలిచినా వెళ్ళలేదు. "డాక్టరమ్మ గారు వద్దన్నారండి," అని కబురు పంపించి నీళ్ళ పైపు దగ్గరే ఉన్నాడు. జన్మలో మొదటిసారి తన మాటకి బదులు ఇంకొకరి మాట చెప్పాడు. వంచిన తలకి కోత కనపడేది కాదు. మొక్కనే కొంచెం ఎడంగా పెట్టుకోవాలని, పీటని పక్కకి తిప్పుకోవాలని మెల్లమెల్లగా కనిపెట్టాడు. వీరవేణి అటుగా వెళుతూ, "పెరట్లో ఏ మొక్కనీ వదలవా? నా కరివేపాకు జోలికొచ్చావంటే చూడు," అనేది.

మామిడికాయలు ముదిరే వేళకి, మళ్ళీ దించినదానితో సహా మరలు రెండూ పట్టాయి. ఈసారి పన్ను మీద కొడితే రెండూ ఒకేలా కంగుమన్నాయి. ఆవిడ సత్తియ్యని కూడా వినమంది. అతని చేతికి పిడి ఇచ్చి తన పన్ను మీద తననే కొట్టుకోమంది.

"ఇక అసలు పళ్ళు చేయిద్దాం. ఎలా ఉండాలి?"

"తెల్లగా ఉండాలండి. ముత్యాల్లాగా."

"చుట్ట కాల్చిన పళ్ళ మధ్య నాలుగు ముత్యాలు పెడితే, పాత గోడకి మధ్యలో సున్నం కొట్టినట్టుంటుంది." ఆవిడ అతన్ని వరండాలోకి తీసుకెళ్ళి, పగటి వెలుగులో రంగుల పళ్ళ వరస ఒకటి పెదవి దగ్గర పెట్టి, ఒక్కోదాన్నే పోల్చి చూసింది. "పాత ఫోటో ఏమైనా ఉందా?"

పెళ్ళి ఫోటో ఉంది. అందులో సత్తియ్య నోరు మూసుకుని ఉన్నాడు. ఏ ఫోటోలోనైనా అంతే.

"నేను చెప్తానండి," అంది వీరవేణి. ముందుకొచ్చి తన పన్ను మీద వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, కుడివేపు ఈ పన్ను పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉండేది. ఆ మూల చిన్న పెచ్చు పోయుండేది. కోపమొస్తే అదొక్కటీ బయటికి కనపడేది."

"ఎప్పుడూ కనపడేదన్నమాట," అంది డాక్టరమ్మ.

వీరవేణి చెప్పింది చెప్పినట్టు ఆవిడ రాసుకుంది. అచ్చు తీసింది. పళ్ళు వచ్చాక పెట్టి చూసి, తీసి, అరగదీసి, మళ్ళీ పెట్టింది. మాటలు పలకమంది. పళ్ళు పొడుగైతే 'ఫ' తడబడుతుందట, లోపలికి పోతే 'స' పలకదట. సత్తియ్య తనకి తెలిసిన పేర్లే చెప్పాడు.

"సపోటా. సువర్ణరేఖ. సీతాఫలం."

"ఇంకోటి."

"సత్తియ్య."

ఏడాదిగా తన పేరు తన నోటికి తిన్నగా వచ్చింది లేదు. ఎవరైనా అడిగితే వీరవేణే చెప్పేది. అతను ఇంకోసారి చెప్పుకున్నాడు. ఆవిడ అద్దం ఇచ్చింది. కుడివైపు పన్ను పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉంది. మూల చిన్న పెచ్చు పోయి ఉంది. కొత్త పన్నుకి కావాలని పెచ్చు పెట్టిన మనిషిని చూసి, సత్తియ్య రెండు చేతులూ జోడించాడు.

వానలు పడ్డాయి. పచ్చ వల పందిరి కింద మూల పీట మీద సత్తియ్య కూర్చున్నాడు. శాంతికుమార్ ఎవరూ చెప్పకుండానే లేచి పక్క పీటకి జరిగాడు.

నాగపూర్ షావుకారు మళ్ళీ వచ్చాడు. బంగార్రాజు గారు గొడుగు పట్టుకుని వెంట నడుస్తూ, "మా సత్తియ్య అండి, ఈ చేతికి తిరుగులేదు," అని మొదలుపెట్టాడు. షావుకారు గుర్తుపట్టాడు. నిరుడు చూసినది మళ్ళీ చూడొచ్చని పీట ముందు నిలబడ్డాడు. చుట్టూ పనివాళ్ళంతా చేతిలో పని ఆపారు.

సత్తియ్య పీటని కొద్దిగా పక్కకి తిప్పుకున్నాడు. మొక్కని ఎడంగా పెట్టాడు. పుల్ల చెక్కాడు, దింపాడు. టేపు ఎడంవైపు పక్కపళ్ళకి అందించి, తల వెనక్కి కాకుండా భుజం మీదికి తిప్పాడు. టేపు సాగి, కోత మీద చుట్ట మీద చుట్ట పడింది. పుటుక్కున తెగింది. అందులో ఎక్కడా వంకర లేదు.

షావుకారు వంగి, అంటు దగ్గర వేళ్ళతో పట్టుకుని కదపబోయాడు. సత్తియ్య చెయ్యి ఫట్‌మని ఆ వేళ్ళ మీద పడింది.

"కదపకండి! కదిపితే పట్టదు. నన్నడగండి, నేను చెప్తాను."

బంగార్రాజు గారికి గొడుగు జారినంత పనైంది. షావుకారు మాత్రం వేళ్ళు రుద్దుకుంటూ నవ్వాడు. తన వచ్చీరాని తెలుగులో, "పళ్ళు గట్టి. ఏది కొత్తది?" అని అడిగాడు.

సత్తియ్య పెదవి పైకెత్తి నోరు తెరిచాడు. పని కోసం తప్ప నలుగురి ముందు అలా ఎప్పుడూ తెరిచింది లేదు. "మీరే చెప్పండి."

షావుకారు కళ్ళజోడు సర్దుకుని ఒక్కోటీ చూశాడు. చాలాసేపు చూసి, కోరపన్ను మీదికి వేలు చూపించాడు. అది సత్తియ్యకి పుట్టినప్పటి నుంచీ ఉన్న సొంత పన్ను.

మట్టి నింపుతున్న చోటి నుంచి వీరవేణి నవ్వు అందరికన్నా ముందు వినపడింది. శాంతికుమార్ కూడా నవ్వాడు. ఈసారి నవ్వు ఎవరి మీదో సత్తియ్యకి తెలుసు.

"కట్టింది ఎవరు?" అన్నాడు షావుకారు.

ఏ అంటు చూపించి అడిగినా సత్తియ్య ఇన్నాళ్ళూ ఒక్క పేరే చెప్పాడు, తన పేరు.

"రాజమండ్రి రెబెక్కా గారండి. ఆవిడ చెయ్యంటే చెయ్యే."

టేపు చుట్ట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. పక్కపీట మీద శాంతికుమార్ ముందు పళ్ళతో టేపు పట్టి తల వెనక్కి లాగబోతున్నాడు.

"ఒరేయ్," అన్నాడు సత్తియ్య. "ఆ పీట ఇటు జరుపు. పన్నుండగానే నేర్చుకో."